గుమ్మడికాయ కొట్టే మనిషి

అక్టోబరు 21, మంగళవారం

నాన్న ఈ రాత్రి ఇంటికి రావడం లేదు. హనుమాన్ జంక్షన్‌లోనే అత్తయ్య వాళ్ళింట్లో పడుకుంటాడట. కొబ్బరి బోండాల లోడు తెల్లవారుజామున వస్తోందట, ఇక్కడ పటమటలో మొదటి బస్సు ఎక్కి వెళ్తే అందదట. ఫోన్ నాకే చేశాడు. "మీ అమ్మకి చెప్పు" అన్నాడు. అమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. చెప్పాను. "విన్నాలే" అంది.

కారణం సబబుగానే ఉంది. బోండాల వ్యాపారంలో లోడు ముఖ్యం.

స్కూల్లో జూన్‌లో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ ఖాళీగా ఉంది. ఇవాళ ఎందుకో రాయాలనిపించింది. ఇంట్లో చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి దాచాల్సిన పని లేదు. బియ్యం డబ్బా మీద పెడుతున్నాను.

అక్టోబరు 22, బుధవారం

ఈ నెలాఖరున స్కూల్లో హలోవీన్. దెయ్యాల వేషాలు ప్రతి స్కూల్లోనూ వేస్తారని, మనం ప్రత్యేకంగా ఉండాలని ప్రిన్సిపాల్ రమాసుందరి మేడమ్ మీటింగ్ పెట్టారు.

"ఒక్కో కుటుంబం తరతరాలుగా వండుకునే వంటకం ఒకటి తేవాలండీ. పండగా ఉంటుంది, సంప్రదాయమూ ఉంటుంది. ముందు మన టీచర్లతో మొదలుపెడదాం. జ్ఞానేశ్వరి గారూ, మొదట మీరే చెప్పాలి. కొత్తవారు కదా, మీ ఇంటి సంగతులు మాకెవరికీ తెలీవు."

తప్పకుండా అన్నాను. తర్వాత ఆలోచిస్తే మా ఇంట్లో తరతరాలుగా ఏది దొరికితే అదే వండుకున్నారు. దాన్ని సంప్రదాయం అనొచ్చో లేదో తెలియదు. చివరికి గుమ్మడికాయ పులుసు గుర్తొచ్చింది. హలోవీన్‌కి గుమ్మడికాయ కావాలి, మాకూ గుమ్మడికాయ ఉంది. పేరు మటుకు పంప్‌కిన్ సూప్ అని రాసిచ్చాను.

అమ్మకి చెప్పాను.

"హలో వీణా? ఎవరా వీణ?"

"వీణ కాదమ్మా, హలోవీన్. బయటి దేశాల పండగ. ఆ రోజు దెయ్యాలు తిరుగుతాయని వాళ్ళ నమ్మకం. గుమ్మడికాయకి కళ్ళూ నోరూ చెక్కి లోపల దీపం పెడతారు."

"మనం గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కడతాం కదా, అట్లాంటిదేగా. దానికి మళ్ళీ స్కూలెందుకు?" అంటూనే అమ్మ ఫ్రిజ్ వైపు చూసింది. దీపావళికి నాన్న తెచ్చిన తియ్యగుమ్మడికాయ ఫ్రిజ్ మీద కూర్చుని ఉంది. "ఎవరు కొడతారంట?"

"ఎవరో ఒకరు."

"ఎవరో ఒకరు కొట్టేది కాదే గుమ్మడికాయ" అని లేచి వంటింట్లోకి వెళ్ళింది.

లోడు ఇవాళ కూడా తెల్లవారుజామునే వస్తోందట.

అక్టోబరు 23, గురువారం

డైరీలో నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. లోడు కారణం కాకపోవచ్చు.

మా ఇంట్లో ఆడవాళ్ళు గుమ్మడికాయ కొట్టరు. తియ్యదైనా బూడిదదైనా, నిండు కాయ మీద మొదటి వేటు ఇంటి మగవాడు వెయ్యాలి. ఆ తర్వాత ఆడవాళ్ళు ఎన్ని ముక్కలైనా చేసుకోవచ్చు. ఆడది కత్తి పెడితే ఇంట్లో మగవాడికి మంచిది కాదంటారు. నాన్న రోజంతా బోండాలు కొట్టే మనిషి. గుమ్మడికాయని అరచేతిలో పెట్టుకుని ఒక్క వేటుతో రెండు చేస్తాడు. చేసి, ఏనుగును చంపినట్టు మా ఇద్దరి వైపూ చూస్తాడు.

దీపావళి రోజు పొద్దున కుళాయి కారింది. నాన్న గుడ్డ చుట్టాడు. నేను ఫోన్లో ఒక మనిషిని పిలిపించాను, అతను వచ్చి చిటికెలో బాగు చేసి వెళ్ళాడు. ఫ్యాను రెగ్యులేటరు నేను వీడియో చూసి మార్చాను. గ్యాస్ బండ నాన్న తెస్తానన్నాడు, అది నా నంబరుకి ఓటీపీ వచ్చి గుమ్మం ముందుకే వచ్చేసింది. అప్పుడు అమ్మ గారెలు వేస్తూ సరదాగా అంది. "ఇంక నీతో పనేముందయ్యా మాకు? గుమ్మడికాయ కొట్టడానికే మిగిలావు."

అందరం నవ్వాం. నాన్న కూడా నవ్వాడు. అమ్మ ఎక్కువ నవ్వింది. నేను మామూలుగా నవ్వాను.

మర్నాటి నుంచి లోడు తెల్లవారుజామున వస్తోంది.

అక్టోబరు 24, శుక్రవారం

స్కూలుకి గుమ్మడికాయ వచ్చింది. స్టాఫ్ రూమ్ బల్ల మీద పెట్టి పక్కన కత్తి పెట్టారు. చుట్టూ మేమందరం నిలబడ్డాం. ఎమ్మెస్సీలు, బీయెడ్లు, ఒకావిడకి బోటనీలో డాక్టరేట్ కూడా ఉంది.

బోటనీ ఆవిడకి మణికట్టు నొప్పిగా ఉంది. లెక్కల టీచర్ గోళ్ళకి రంగు వేయించుకుంది. ఇంగ్లీషు టీచర్‌కి నమ్మకాలేం లేవు కానీ వాళ్ళ అత్తగారికి ఉన్నాయి. రమాసుందరి మేడమ్ "కొత్తవాళ్ళకి అవకాశం ఇద్దాం" అని నా వైపు చూశారు. నాకు కూడా నమ్మకాలేం లేవు. కానీ ఆ వెలుతురులో సరిగా కోయలేనేమో అనిపించింది.

చివరికి డ్రాయింగ్ మాస్టారు జయంత్ గారిని పిలిచారు. మా స్టాఫ్‌లో ఆయనొక్కడే మగవాడు. ఆయన ముందు కాయ మీద పెన్సిలుతో చక్కటి మొహం గీశారు. గంభీరంగా చొక్కా చేతులు మడిచారు. కళ్ళు మూసుకుని కొట్టారు. కాయ బల్ల మీంచి ఎగిరి, మేడమ్ కుర్చీకి తగిలి, నేల మీద పచ్చడైంది. పెన్సిలు గీతల్లో ఒక కన్ను మటుకు నిక్షేపంగా మిగిలింది, అది పైకి మమ్మల్నే చూస్తోంది.

"బయటి కాయ కొనకూడదండీ, ఇంటి కాయ అయితే గట్టిగా ఉంటుంది" అన్నారు జయంత్ గారు.

అందరూ ఆ కన్ను వైపే చూస్తుంటే ఉండబట్టలేక, "మా ఇంట్లో ఒకటుందండీ" అనేశాను. "సూప్‌కి గుజ్జు తీసి, డొల్లకి మొహం చెక్కుకుని తెస్తాను" అని కూడా అన్నాను. ఎవరూ అడగలేదు, నేనే అన్నాను.

అక్టోబరు 25, శనివారం

నాగుల చవితి. నాన్న రాలేదు. పుట్టలో పాలు పోస్తూ అమ్మ ఇంట్లో అందరినీ చల్లగా చూడమంది. మొగుడి పేరు పైకి చెప్పదు కాబట్టి, "దీని నాన్నని కూడా" అని నన్ను వేలితో చూపించింది. గట్టిగా, రెండుసార్లు చెప్పింది. నాగేంద్రుడికి అర్థమయ్యే ఉంటుంది.

సాయంత్రం స్కూల్లో జరిగింది చెప్పి, కావాలంటే జయంత్ గారు మన ఇంటికొచ్చి కాయ కోసిపెడతానన్నారని చెప్పాను.

"ఆ కళ్ళు మూసుకునే మాస్టారా?"

"ఈసారి తెరుచుకుంటారమ్మా."

"మనింటి గుమ్మడికాయ పరాయి మనిషి కొట్టడమేంటే? ఇంట్లో మగాడు లేడా?" అంది. అని, తనే ఆగిపోయింది. కాసేపటికి ఫ్రిజ్ మీద దుమ్ము తుడిచింది. కాయని కూడా తుడిచింది.

అక్టోబరు 26, ఆదివారం

హనుమాన్ జంక్షన్ వెళ్ళాను. అమ్మకి స్కూలు పని అని చెప్పాను. అమ్మ ఏ స్కూలని అడగకుండా, టిఫిన్ బాక్సులో బెండకాయ వేపుడు పెట్టి ఇచ్చింది. నేను బెండకాయ తినను. నాన్న తింటాడు.

హైవే పక్కన నాన్న బండి అలాగే ఉంది. బోండాల గుట్ట, పైన నీలం పట్టా. నన్ను చూసి లుంగీ దించుకున్నాడు.

"ఏమ్మా జ్ఞానం, ఇట్లా వచ్చావేంటి?"

"ఊరికే నాన్నా."

"ఊరికే ఎవరన్నా ఇంత దూరం వస్తారా?"

"ఊరికేనే. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి బస్సులో టికెట్ లేదుగా."

నాన్న నవ్వాడు. బోండాం కొట్టి ఇచ్చాడు. నేను తాగుతుంటే అటు తిరిగి అడిగాడు.

"కుళాయి మళ్ళీ కారుతోందా?"

"లేదు నాన్నా. అస్సలు కారట్లేదు."

"ఫ్యానో?"

"బాగా తిరుగుతోంది. ముందుకంటే బాగా తిరుగుతోంది."

"గడప దగ్గర స్విచ్చి ఒకటి వదులుగా ఉండాలే."

"బిగించేశాను. ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు నాన్నా, నువ్వేం దిగులు పెట్టుకోకు" అని ధైర్యం చెప్పాను.

ధైర్యం చెప్పినా నాన్న మొహం ఎందుకో తేలికపడలేదు. బెండకాయ వేపుడు బాక్సు మూత తీసి, మళ్ళీ పెట్టి, "మీ అమ్మ ఇచ్చిందా?" అన్నాడు.

"నాకోసం పెట్టింది."

"నువ్వు తినవుగా."

"అవును, తినను."

నాన్న మూత మళ్ళీ తీశాడు.

నేను కల్పించుకోవడానికి వెళ్ళలేదు. పెద్దవాళ్ళ మధ్య నేనెవర్ని? కేవలం సమాచారం కోసం, స్కూలుకి గుమ్మడికాయ కావాలని, జయంత్ గారు వచ్చి కొడతానంటున్నారని చెప్పాను. నాన్న చేతిలో ఉన్న బోండాం మీద కత్తి ఎంత గట్టిగా పడిందంటే నీళ్ళన్నీ రోడ్డు మీదికి పోయాయి. బేరానికి వచ్చినాయన వెనక్కి జరిగాడు.

"ఎవరా జయంత్?"

"డ్రాయింగ్ మాస్టారు."

"కొట్టించుకోండి" అన్నాడు నాన్న. ఇంకో బోండాం తీసుకున్నాడు. "ఎవరైనా కొట్టొచ్చు. అదేం పెద్ద విద్యా?"

"నువ్వొచ్చి కొట్టొచ్చుగా నాన్నా. ఒక్క పూట."

నాన్న తీసిన బోండాం మళ్ళీ గుట్టలో పెట్టేశాడు. "వస్తే దానికోసమే వచ్చానంటుందమ్మా. గుమ్మడికాయ కొట్టి, అన్నం తిని, పోయాడంటుంది. అప్పుడామె అన్న మాట నిజమవుద్ది కదా?"

బస్సులో కూర్చున్నాక ఈ మాటను అటూ ఇటూ తిప్పి చూశాను. బెంజ్ సర్కిల్ వచ్చేదాకా ఎటు తిప్పినా నిజమే అనిపించింది.

అక్టోబరు 27, సోమవారం

తుఫాను వస్తోందని స్కూలుకి సెలవు ఇచ్చారు. కార్తీక సోమవారం, అమ్మకి ఉపవాసం. ఉపవాసం ఉన్న మనిషితో జాగ్రత్తగా మాట్లాడాలి కాబట్టి జాగ్రత్తగానే అడిగాను.

"నాన్నని రమ్మని ఫోన్ చెయ్యొచ్చుగా?"

"ఏమని చెయ్యను?"

"గుమ్మడికాయ కొట్టాలి, రమ్మని."

అమ్మ నన్ను చదువుకున్న పిల్లవేనా అన్నట్టు చూసింది. "ఆ మాటకే కదే పోయింది మనిషి. మళ్ళీ అదే పని చెప్పి పిలవమంటావా?"

"పోనీ ఇంకేదైనా పని చెప్పి పిలువు."

"ఏం పనుంది? అన్నీ నువ్వు బాగు చేసేస్తివి."

ఆయన గుమ్మడికాయ కోసం రాడు. ఈమె గుమ్మడికాయ కోసం పిలవదు. వేరే పని ఒక్కటీ లేదు. ఫ్రిజ్ మీద గుమ్మడికాయ మా ముగ్గురికంటే హాయిగా ఉంది.

ఒక్క విషయం సవరించాలి. దీపావళి రోజు నేను మామూలుగా నవ్వలేదు. గ్యాస్ బండ ఓటీపీ గురించి ఇంకో జోకు కూడా వేశాను.

అక్టోబరు 28, మంగళవారం

పొద్దుట్నుంచి గాలి, వాన. కరెంటు లేదు. నాన్నకి ఫోన్ కలవడం లేదు. అమ్మ దాని గురించి అడగలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి వస్తూ అడగలేదు, నా ఫోన్ వైపు చూసి అడగలేదు, "సిగ్నల్ ఎవరికీ లేదా?" అని పక్కింటివాళ్ళని కనుక్కుంది గానీ నన్ను అడగలేదు.

అక్టోబరు 29, బుధవారం

స్కూలుకి ఇవాళ కూడా సెలవే. పొద్దున సిగ్నల్ వచ్చింది. నాన్న బాగానే ఉన్నాడు. బండి మీద పట్టా ఎగిరిపోయిందట, అంతే. అమ్మకి చెప్పాను. "పోతే పోయింది పట్టా" అంది. అని, గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఆ తర్వాత చాలా ఉత్సాహంగా ఇల్లంతా కడిగింది.

అమ్మ పైన బట్టలు ఆరేస్తుంటే నేను గుమ్మడికాయని కిందికి దించాను. ఎల్లుండే స్కూలు కార్యక్రమం. ఇంక ఆలోచించి లాభం లేదు. ఇది ఒక కూరగాయ. సైన్సు ప్రకారం పండు. దీనికీ మగవాళ్ళ ఆరోగ్యానికీ ఎలాంటి సంబంధం ఉండే అవకాశం లేదు. ఇదే నేను మూడో తరగతి పిల్లలకు చెప్తాను కూడా.

తలుపు వెనక నాన్న పాత బోండాల కత్తి ఉంటుంది. దాన్ని తీసుకుని కాయ ముందు కూర్చున్నాను. కత్తి ఎత్తాను. కాసేపు ఎత్తే ఉంచాను. పట్టా ఎగిరిపోయిన బండి దగ్గర నాన్న తడుస్తూ నిలబడి ఉంటాడేమో అనిపించింది.

కత్తి మొద్దుబారింది. అందుకే దించాను.

తలెత్తితే గుమ్మంలో అమ్మ, చేతిలో ఖాళీ బకెట్. ఎంతసేపట్నుంచి ఉందో.

"ఏంటే?"

"కత్తి మొద్దుగా ఉందమ్మా."

"ఊఁ" అంది అమ్మ. కత్తి నా చేతిలోంచి తీసుకుని, బొటనవేలు అంచు మీద ఆనించి చూసి, తలుపు వెనక పెట్టేసింది.

అక్టోబరు 30, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున్నే అమ్మ తలస్నానం చేసి తులసి దగ్గర దీపం పెట్టింది. నేను స్కూలుకి తయారవుతున్నాను. వంటింట్లోంచి పిలుపు లేదు, చప్పుడు లేదు. వెళ్ళి చూస్తే గుమ్మడికాయ పీట మీద ఉంది. బొట్టు పెట్టింది దానికి. అమ్మ ఎదురుగా కూర్చుని నాన్న కత్తి పట్టుకుని దాంతో మాట్లాడుతోంది.

"తప్పైతే తప్పు నాది. ఏమన్నా చేస్తే నన్నే చెయ్యి, వాణ్ణేం చెయ్యకు. వాడికసలే పట్టా లేదు."

నాన్నని అమ్మ 'వాడు' అనడం నేనెప్పుడూ వినలేదు. వద్దమ్మా అనబోయాను. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు కాబట్టి అనలేకపోయాను.

అమ్మ నాన్నలా కొట్టలేదు. తొడిమ చుట్టూ కత్తి మొన దింపి, మూతలాగా గుండ్రంగా కోస్తూ పోయింది. గీత వంకరపోతోంది గానీ ఆపలేదు. మూత ఊడి చేతిలోకి వచ్చింది. లోపల ఎర్రగా, గింజలతో, అన్ని గుమ్మడికాయల్లాగే ఉంది. ఏమీ కాలేదు. వీధిలో కూరగాయల బండి మైకు మోగుతోంది.

"ఫోన్ కలుపు" అంది అమ్మ. "గట్టిగా వినపడేట్టు పెట్టు, నా చేతులు బాలేవు."

కలిపాను. ఇన్ని రోజుల్లో ఇద్దరూ మాట్లాడుకోవడం ఇదే మొదలు.

"ఏవయ్యా, ఒళ్ళు బాగానే ఉందా?"

అవతల హైవే మోత. "ఆఁ. ఏం?"

"ఇప్పుడు, ఇప్పుడు బాగానే ఉందా?"

"బాగానే ఉందే. ఏమైంది? జ్ఞానం బాగుందా?"

"గుమ్మడికాయ కోసేశా."

"ఎవరు? ఆ డ్రాయింగ్ మాస్టారా?"

"నేనే. నా చేత్తో కోశా."

అవతల కత్తి కింద పడ్డ చప్పుడైంది.

"నువ్వా?" అన్నాడు నాన్న. "బుద్ధుందా నీకు? ఆడదానివి గుమ్మడికాయ మీద కత్తి పెడతావా? నాకేమన్నా అయితే?"

"అయిందా?"

"ఇంకా కాలేదు."

"మరింకేంటి? కాయ తెగిపోయింది. కుళాయి కారట్లేదు, ఫ్యాను తిరుగుతోంది. ఇంక ఇక్కడ నీతో ఏ పనీ లేదు" అంది అమ్మ. చెంగుకి చెయ్యి తుడుచుకుంది. "ఇంటికి రా."

ఫోన్ పెట్టేయమని నాకు సైగ చేసి, గింజలు తియ్యడం మొదలుపెట్టింది. నేను అక్కడే నిలబడ్డాను.

"స్కూలుకి పో, ఆలస్యమవుద్ది" అంది. నేను గుమ్మం దాటుతుంటే వెనకనుంచి, "కత్తి బాగానే తెగుతోందే" అంది.

సాయంత్రం వచ్చేసరికి మా వరండాలో బోండాల గెల ఉంది. లోపల నాన్న గుమ్మడికాయని ఒళ్ళో పెట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"ఇట్లానా కోసేది? చుట్టూ వంకరే. నన్ను పిలిస్తే ఒక్క వేటు."

"ఒక్క వేటు వేస్తే రెండు చిప్పలవుద్ది. దీపం ఎక్కడ పెట్టేది? ఇది హలో వీణ కాయయ్యా, నీకు తెలీదు."

"ఎవరా వీణ?"

"చెప్తాలే. ముందు ఎదురుగా కూర్చో. దీనికి మొహం చెక్కాలంట. నాకు దెయ్యం ఎట్లా ఉంటదో తెలీదు, నిన్ను చూసి చెక్కుతా."

నాన్న కూర్చున్నాడు. మీసం తడిచేసుకుని మరీ కూర్చున్నాడు. అమ్మ చిన్న చాకుతో ఒక కన్ను చెక్కి, తలెత్తి చూసి, రెండో కన్ను చెక్కి, మళ్ళీ చూసి, "కదలకయ్యా" అంటూ, "నవ్వకు, నోరు పెద్దదవుతోంది" అంటూ కూర్చుంది. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు అంతసేపు చూసుకోవడం నేను పుట్టాక చూడలేదు. నాకు నోట్సు దిద్దే పని ఉందని గుర్తొచ్చి అవతలి గదిలోకి వెళ్ళాను. దిద్దాల్సిన నోట్సు ఏమీ లేవు.

అక్టోబరు 31, శుక్రవారం

పులుసు గిన్నె నాన్న మోశాడు, గుమ్మడికాయ అమ్మ మోసింది. సంచీ నేను మోశాను.

స్కూలంతా తెల్ల దుప్పట్ల దెయ్యాలు. బల్లల మీద అందరి వంటకాలు. కార్తీక మాసం కాబట్టి కేకుల్లో గుడ్లు లేవని ప్రతి కేకు పక్కనా చీటీ. మా కాయ మధ్యలో పెట్టారు. అమ్మ లోపల కొవ్వొత్తి వద్దని మట్టి ప్రమిద, నువ్వుల నూనె, రెండు వత్తులు తెచ్చింది. వెలిగించి, అలవాటుగా దండం పెట్టింది. చుట్టూ ఉన్న దెయ్యాలు కూడా పెట్టాయి.

"ఎంత బాగా చెక్కారండీ!" అన్నారు రమాసుందరి మేడమ్. "ఎవరు కోశారు?"

"నేనేనండీ" అంది అమ్మ.

బోటనీ ఆవిడ, లెక్కల టీచర్, ఇంగ్లీషు టీచర్ ఒక్కసారిగా అమ్మ పక్కన ఉన్న నాన్నని పైనుంచి కిందికి చూశారు. నాన్న వాళ్ళకోసం కొంచెం దగ్గి చూపించాడు. అమ్మ మోచేత్తో పొడిచింది.

మా క్లాసు సాయిశ్రీ దుప్పటి కన్నాల్లోంచి గుమ్మడికాయని చూసి, నాన్నని చూసి, మళ్ళీ గుమ్మడికాయని చూసింది. "మిస్, ఈ తాతగారు లోపల కూడా ఉన్నారు!" అని అరిచింది. నాన్న మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. అప్పట్నుంచి ఆ బల్ల దగ్గరే నిలబడ్డాడు, ఎవరొచ్చినా పోలిక చూసుకోవడానికి వీలుగా.

నన్ను మాట్లాడమన్నారు. మా కుటుంబం, మా ఆహార సంప్రదాయం అని ఇంగ్లీషులో రెండు పేజీలు రాసుకున్నాను. మైకు ముందు నిలబడితే, లోపలి దీపానికి కాయ మీద చెక్కిన నాన్న మీసం కదులుతోంది. కాగితం మడిచేశాను.

"ఇది సూప్ కాదండీ, గుమ్మడికాయ పులుసు. మా నాన్న వాళ్ళింట్లో బెల్లం వెయ్యరు, మా అమ్మ వాళ్ళింట్లో వేస్తారు. ఎక్కువైందని నాన్న ప్రతిసారీ అంటాడు. ప్రతిసారీ రెండోసారి వేయించుకుంటాడు. మా ఇంటి సంప్రదాయం ఇదే అనుకుంటున్నాను."

అంతే చెప్పాను. మేడమ్ ఇంకా ఉందేమోనని కాసేపు ఎదురుచూశారు. జయంత్ గారు చప్పట్లు మొదలుపెట్టారు. ఆయన పులుసు కూడా రెండుసార్లు వేయించుకున్నారు. దీన్ని ఇక్కడ రాయడానికి ప్రత్యేకమైన కారణం ఏమీ లేదు.

బల్ల దగ్గర నాన్న గిన్నె అడుగు గరిటెతో గీకుతూ, "ఈసారి బెల్లం మరీ ఎక్కువైంది" అన్నాడు.

"కావాలనే వేశా" అంది అమ్మ.

నవంబరు 1, శనివారం

పొద్దున లేచేసరికి నాన్న ఇంట్లోనే ఉన్నాడు. కుళాయి కింద కూర్చుని, కారని కుళాయికి గుడ్డ చుడుతున్నాడు. అమ్మ చూసింది. నేనూ చూశాను. ఇద్దరం నవ్వలేదు.

నేను అడగకుండానే నాన్నే చెప్పాడు. బోండాల లోడు ఇక నుంచి పొద్దెక్కాకే వస్తుందట.